రగ్బీలో తల కాపాడుకుంటూ ట్యాకిల్ చేయడం ఎలా?

ఇంగ్లండ్‌లో ఉంటున్న తెలుగు ఇళ్లల్లో పిల్లలు స్కూల్లోనో, ఆదివారం పొద్దున క్లబ్బులోనో రగ్బీ మొదలుపెట్టగానే అమ్మానాన్నలకు ఒకటే టెన్షన్: తలకు దెబ్బ తగిలితే? మాకూ అదే భయం పట్టుకుంది. చిన్నపిల్లలు నడుముకు కట్టుకున్న ట్యాగ్‌ను (రిబ్బన్ పట్టీని) లాగే ఆటే ఆడతారు కాబట్టి మొదట్లో పెద్దగా చింత ఉండదు. అండర్-9 నుంచి నిజమైన ట్యాకిల్, అంటే బంతి ఉన్నవాణ్ని పట్టి పడగొట్టడం, వస్తుంది. నేర్పాల్సింది సరిగ్గా అప్పుడే.

బంతి పట్టుకుని పరిగెత్తేవాడికే ప్రమాదం ఎక్కువని చాలామంది అనుకుంటారు. ఈ ఆటను ప్రపంచస్థాయిలో నడిపే వరల్డ్ రగ్బీ సంస్థ ప్రొఫెషనల్ మ్యాచ్‌లను పరిశీలించినప్పుడు తేలింది వేరు. తల దెబ్బల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు ట్యాకిల్‌లోనే తగిలాయి. వాటిలోనూ 70 శాతానికి పైగా ట్యాకిల్ చేసినవాడికే. నిటారుగా ఎదురెళ్తే ఇద్దరి తలలూ ఒకే ఎత్తుకు వస్తాయి మరి. కాబట్టి "కిందికి వంగు" అని పిల్లాడికి చెప్పేటప్పుడు, అది ముందు నీ తల కోసమే అని కూడా చెప్పండి.

గీత ఎక్కడుందో చూపించండి

ఫ్రాన్స్ 2019లోనే అమెచ్యూర్ ఆటలో నడుముకు పైన ట్యాకిల్ చేయకూడదని నియమం పెట్టింది. ఇంగ్లండ్ రగ్బీ యూనియన్ 2023 జనవరిలో అదే మాట ప్రకటిస్తే క్లబ్బుల నుంచి గట్టి వ్యతిరేకత వచ్చింది. చివరికి 2023-24 సీజన్ నుంచి ప్రొఫెషనల్ కాని ఆటలో రొమ్ము ఎముక కింది కొనను హద్దుగా పెట్టారు. మెడ కింది గుంట నుంచి వేలు నిటారుగా కిందికి జరపమనండి. ఎముక అయిపోయి పొట్ట మెత్తగా తగిలే చోటే ఆ గీత. పాత టీషర్టు తొడిగి అక్కడ చుట్టూ రంగు టేపు అంటించండి. మాట కన్నా టేపు బాగా గుర్తుంటుంది.

అలాగని మరీ కిందికీ పోకూడదు. పరిగెత్తేవాడి మోకాలు తలకు తగిలితే అదీ పెద్ద దెబ్బే. డొక్క నుంచి తొడ పైభాగం వరకు గురి పెట్టడం మంచిది. కబడ్డీ ఆడి వచ్చిన పిల్లలు ఇక్కడ జాగ్రత్త పడాలి. తొడ పట్టే అలవాటు వాళ్లకు బాగా పనికొస్తుంది కానీ, చీలమండ కోసం డైవ్ చేసే అలవాటు మాత్రం తలను మోకాళ్ల ముందుకు తీసుకెళ్తుంది.

నడుము కాదు, మోకాళ్లు వంచాలి

నడుము ఒక్కటే వంచితే చూపు నేల మీదికి పోతుంది, నడినెత్తి ముందుకొస్తుంది. వీపు తిన్నగా ఉంచి, మోకాళ్లు వంచి, గడ్డం ఛాతీకి ఆనకుండా చూపు ముందుకే ఉండాలి. దగ్గరయ్యేకొద్దీ అడుగులు చిన్నవి కావాలి. దూరం నుంచి దూకేయకూడదు.

తల ఎటువైపు?

నా మటుకు నాకు ఎత్తు కన్నా ఇదే ముఖ్యం. తల ఎప్పుడూ ఎదుటివాడి పక్కన గానీ వెనక గానీ ఉండాలి, పరుగుకు అడ్డంగా ఉండకూడదు. కుడి భుజంతో పడుతుంటే కుడి పాదమే ముందుండాలి, కుడి చెంప అతని పిరుదుకు ఆనాలి. ఆ తర్వాత రెండు చేతులూ చుట్టి బిగించి, కాళ్లతో నెట్టాలి.

దీన్ని ఇంట్లో పరుపు మీద మోకాళ్లపై కూర్చోబెట్టి మొదలుపెట్టొచ్చు. మా అబ్బాయి మొదటి వారం భుజం తగిలే క్షణంలో కళ్లు గట్టిగా మూసుకునేవాడు. కళ్లు మూయగానే తల వాలిపోయేది. "నా ప్యాంటు వెనక జేబు చూడు, దానికి చెవి ఆనించు" అని చెప్పడం మొదలుపెట్టాక కళ్లు తెరిచే ఉంచాడు. మోకాళ్ల మీద కుదిరాక నడకలో, తర్వాత నెమ్మది పరుగులో చేయించండి. రెండు భుజాలతోనూ చేయించాలి. చేతకాని వైపే తల తప్పు చోటుకు పోతుంది.

బంతి ఉన్నవాడి బాధ్యత

2018-19లో ఇంగ్లండ్‌లో ఛాంపియన్‌షిప్ కప్‌లో (రెండో శ్రేణి క్లబ్బుల పోటీలో) ట్యాకిల్ గీతను చంకల దాకా దించి చూశారు. కంకషన్లు (తల అదిరి మెదడుకు తగిలే దెబ్బలు) తగ్గలేదు సరికదా పెరిగాయి. ప్రయోగం మధ్యలోనే ఆపేశారు. ముఖ్యంగా రక్ (నేల మీది బంతి కోసం రెండు జట్లూ పెనుగులాడే గుంపు) పక్కన బంతి తీసుకుని వంగి దూసుకొచ్చేవాడికి, వంగి ఎదురెళ్లేవాడికి తలలు మళ్లీ ఒకే ఎత్తుకు వచ్చాయి. అందుకే బంతి చేతిలో ఉంటే ఆఖరి క్షణంలో తల వంచి గుద్దొద్దని, పక్కకు తప్పుకుని ఖాళీలోకి పరిగెత్తమని నేర్పండి.

దెబ్బ తగిలిందనిపిస్తే

స్పృహ తప్పితేనే కంకషన్ అనుకోకండి. తలనొప్పి, తల తిరగడం, మసకగా కనిపించడం, అడిగినదానికి తడబడటం, ఊరికే చిరాకు... వీటిలో ఏది కనిపించినా, అనుమానం వచ్చినా, వెంటనే బయటికి తీసుకురండి. ఆ రోజు మళ్లీ దించకూడదు. వాంతులు, ఫిట్స్, మెడనొప్పి, పెరుగుతున్న తలనొప్పి, మగత ఉంటే నేరుగా ఎమర్జెన్సీకే. మొదటి 24 గంటలు ఒంటరిగా వదలొద్దు, రెండు రోజులు ఫోను, టీవీ బాగా తగ్గించండి. బ్రిటన్ మార్గదర్శకాల ప్రకారం 21 రోజుల లోపు మ్యాచ్ ఆడకూడదు. కాంటాక్ట్ ట్రైనింగ్‌కు వెళ్లే ముందు 14 రోజులు ఏ లక్షణమూ ఉండకూడదు. మెత్తటి స్క్రమ్ క్యాప్ ఉందిగా అని ధైర్యపడకండి, అది చర్మం గీసుకుపోకుండా కాపాడుతుంది కానీ కంకషన్‌ను ఆపదు.

స్కూల్లో దెబ్బ తగిలితే క్లబ్బు కోచ్‌కు తెలియదు, క్లబ్బులో తగిలితే పీఈ టీచర్‌కు తెలియదు. ఆ సాయంత్రమే ఇద్దరికీ మెసేజ్ పెట్టండి, తేదీతో సహా.