తీరిక లేని వారాంతంలో వ్యాయామం, యోగా, భోజనం: వేళలు కుదుర్చుకోవడం ఎలా?

వారాంతం అంటే విశ్రాంతి అని పేరే గాని, వారమంతా వాయిదా పడిన ఇంటి పనులు, సరుకులు, ప్రయాణాలు, పిలుపులు అన్నీ ఆ రెండు రోజుల మీదే వచ్చి పడతాయి. వ్యాయామానికో గంట, యోగాకో గంట, వంటకో గంట అని విడివిడిగా సమయం వెతికితే ఏదీ దొరకదు. ఎందుకంటే ఈ మూడూ వేర్వేరు పనులు కావు. కడుపు ఎప్పుడు నిండి ఉంటుంది, ఎప్పుడు ఖాళీగా ఉంటుంది అన్నదానితో మూడింటికీ ముడి ఉంది. నిండు భోజనం తర్వాత మూడు నాలుగు గంటలు, తేలికపాటి ఆహారం తర్వాత గంట నుంచి రెండు గంటలు గడిస్తే తప్ప ఆసనాలు హాయిగా సాగవు. చురుకైన వ్యాయామానికి కడుపు బరువుగా ఉండకూడదు. అది ముగిశాక మాత్రం శరీరానికి మంచి భోజనం అందాలి. అందుకే వారాంతపు ప్రణాళిక రాసుకునేటప్పుడు ముందుగా భోజన వేళలు రాసి, మిగిలినవాటిని వాటి మధ్య అమర్చుకోమని నేను చెబుతాను.

అయితే ఆ వేళలు నిలబడాలంటే నిద్ర నిలబడాలి. పనిదినాల్లో ఒక వేళకు, సెలవు రోజుల్లో చాలా ఆలస్యంగా నిద్రలేవడం వల్ల శరీరంలోని గడియారం తడబడుతుంది. శరీర గడియారంపై పరిశోధించే శాస్త్రవేత్త టిల్ రోనెబెర్గ్, ఆయన సహచరులు 2006లో ఈ స్థితికి ‘సోషల్ జెట్‌లాగ్’ అని పేరు పెట్టారు. ఉదయం పదింటికి లేచినవారికి అల్పాహారం, మధ్యాహ్న భోజనం కలిసిపోయి, ఖాళీ కడుపుతో దొరికే ఉదయపు సమయం పూర్తిగా చేజారిపోతుంది. కాబట్టి సెలవు రోజున కూడా మామూలు వేళకు గంటకు మించి ఆలస్యం చేయకుండా లేవడం మంచిది. వారంలో నిద్ర తక్కువైతే ఆ లోటును ముందురోజు రాత్రి త్వరగా పడుకోవడం ద్వారా గాని, మధ్యాహ్నం మూడు గంటల లోపు ఒక ఇరవై నిమిషాల కునుకుతో గాని కొంత తీర్చుకోవచ్చు. పెద్దవారికి రాత్రికి కనీసం 7 గంటల నిద్ర అవసరమన్న మాట వారాంతానికీ వర్తిస్తుంది.

ఇక ఎంత వ్యాయామం చేయాలన్న ప్రశ్న. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం పెద్దవారు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాల తీవ్రమైన శ్రమ చేయాలి. వారంలో కనీసం రెండు రోజులు కండరాలకు బలాన్నిచ్చే వ్యాయామం కూడా ఉండాలి. ఒక్కో విడత కనీసం పది నిమిషాలు ఉంటేనే లెక్కలోకి వస్తుందన్న పాత నియమాన్ని అప్పుడే తొలగించారు. తీరిక లేనివారికి ఇది పెద్ద ఊరట, ఎందుకంటే మెట్లెక్కిన నాలుగు నిమిషాలూ లెక్కలోకే వస్తాయి. వారపు శ్రమలో ఎక్కువ భాగాన్ని ఒకటి రెండు రోజుల్లోనే పూర్తిచేసేవారికి కూడా, రోజూ కొంచెం కొంచెంగా చేసేవారితో సమానంగా గుండెజబ్బుల ముప్పు తక్కువగా కనిపించిందని, బ్రిటన్‌లో దాదాపు 89 వేల మంది చేతికి కట్టిన పరికరాల కొలతల ఆధారంగా 2023లో వెలువడిన అధ్యయనం తెలిపింది.

అలాగని వారం మొత్తం చేయవలసినదాన్ని ఒక్క ఉదయానికి కుక్కకూడదు. ఇది నేను అనుభవంతో చెబుతున్న మాట. కొన్ని వారాల పాటు ఏమీ చేయకుండా ఉండి, ఒక సెలవు రోజున రెండు గంటలు పట్టుబట్టి చేశాను. మర్నాడు మెట్లు దిగడమే కష్టమైంది, ఆ తర్వాతి రోజు నొప్పి ఇంకా పెరిగింది. అలవాటు లేని శ్రమ వల్ల వచ్చే కండరాల నొప్పి సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల మధ్య తారస్థాయికి చేరుతుందని తెలిసి ఉంటే ఆ రోజు సగంలోనే ఆపేవాడిని. వారాంతంలో రోజుకు నలభై యాభై నిమిషాలు, మిగిలినది పనిదినాల్లో చిన్న చిన్న విడతలుగా చేస్తే ఈ ఇబ్బంది ఉండదు.

మొదటి రోజు ఉదయం లేవగానే నీళ్ళు తాగి, ఆకలిగా ఉంటే ఒక పండు తిని, ఐదు నిమిషాలు కీళ్ళను నెమ్మదిగా తిప్పి శరీరాన్ని వేడెక్కించాలి. తర్వాత పాతిక ముప్పై నిమిషాలు వడివడిగా నడవాలి. మాట్లాడగలిగి, పాట పాడలేనంతగా ఊపిరి వేగం పెరిగితే ఓ మోస్తరు శ్రమ జరుగుతోందని అర్థం; దీనికి ఏ పరికరమూ అక్కర్లేదు. నడక ముగిశాక పదిహేను నిమిషాలు బలాన్నిచ్చే వ్యాయామాలు చేయాలి: కుర్చీలో కూర్చుని లేచినట్టు చేసే స్క్వాట్లు, గోడకో బల్లకో చేతులు ఆనించి చేసే పుషప్‌లు, వెల్లకిలా పడుకుని నడుము పైకెత్తడం, ముంజేతులు, కాలివేళ్ళ మీద శరీరాన్ని తిన్నగా నిలిపే ప్లాంక్. ప్లాంక్‌లో శరీరం వంగకుండా నిలిచినంతసేపే ఉండాలి. మిగిలినవి ఒక్కొక్కటి ఎనిమిది నుంచి పన్నెండు సార్లు, రెండు విడతలు సరిపోతాయి. చివరి రెండు మూడు సార్లు కష్టంగా అనిపించాలి, కాని భంగిమ చెదరకూడదు. ఆసనాలను ఇక్కడే, అంటే కండరాలు వేడిగా ఉన్నప్పుడే, పది నిమిషాలు కలుపుకుంటే వాటికోసం వేరే సమయం వెతకనక్కర్లేదు.

రెండో రోజు ఉదయాన్ని యోగాకే కేటాయించడం మేలు, ఎందుకంటే ముందురోజు అలసిన కండరాలకు మళ్ళీ బరువు పనులు పెట్టకుండానే కదలిక దొరుకుతుంది. పన్నెండు భంగిమల సూర్య నమస్కారాలను నాలుగైదు ఆవృత్తులతో మొదలుపెట్టి, త్రికోణాసనం, వీరభద్రాసనం, భుజంగాసనం, అర్ధమత్స్యేంద్రాసనం వంటివాటిని ఊపిరి నిలకడగా ఆడుతున్నంతసేపే నిలుపుతూ ముందుకు సాగవచ్చు. సమయం చాలదనిపించినప్పుడు చాలామంది ముందుగా వదిలేసేది శవాసనాన్నే. నా దృష్టిలో అది పొరపాటు, ఆసనం ఒకటి తగ్గించి అయినా చివరి ఐదు నిమిషాలు దానికి ఉంచాలి. నెమ్మదిగా చేసే ఆసనాలు గుండెకు తేలికపాటి శ్రమే కాబట్టి, వాటిని పైన చెప్పిన 150 నిమిషాల్లో కలిపేసుకోకూడదు. రక్తపోటు, గ్లకోమా, మెడ సమస్యలు ఉన్నవారు శీర్షాసనం, సర్వాంగాసనం వేయకూడదు. రక్తపోటు, గుండెజబ్బు ఉన్నవారు, గర్భిణులు ప్రాణాయామంలో ఊపిరి బిగబట్టే కుంభకాన్ని మానుకోవాలి.

బలాన్నిచ్చే వ్యాయామానికి వారంలో కావలసిన రెండు రోజుల్లో ఒకటి మొదటి రోజు ఉదయమే అయిపోతుంది కాబట్టి, ఇంకొకదాన్ని వారం మధ్యలో పెట్టుకుంటే చాలు.

భోజనం విషయంలో కొలతలకన్నా కంచాన్ని చూసుకోవడం సులభం. సగం కూరగాయలు, పండ్లు, పావు వంతు పొట్టు తీయని ధాన్యం, పావు వంతు పప్పులు, గుడ్లు, చేప వంటి మాంసకృత్తుల ఆహారం ఉంటే ఆ పూట సరిగ్గా కుదిరినట్టే. రోజుకు కనీసం 400 గ్రాముల పండ్లు, కూరగాయలు తినాలని, ఉప్పు 5 గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. విందు ఉన్న రోజున ఉదయం నుంచి కడుపు మాడ్చుకుని వెళ్ళేవారు అక్కడ ఆకలి ఆపుకోలేక ఎక్కువ తింటారు. మాంసకృత్తులున్న అల్పాహారం తిని వెళ్తే చేయి అదుపులో ఉంటుంది. విందు మధ్యాహ్నం అయితే వ్యాయామం ఉదయమే ముగించాలి, ఆసనాల జోలికి సాయంత్రం దాకా వెళ్ళకూడదు. భోజనం తర్వాత పది పదిహేను నిమిషాల నెమ్మది నడక మాత్రం తప్పక చేయదగినది, రక్తంలో చక్కెర పెరుగుదలను అది తగ్గిస్తుంది. తిన్న వెంటనే వేయదగిన ఆసనంగా సంప్రదాయం చెప్పేది వజ్రాసనాన్ని. మోకాళ్ళ నొప్పి ఉన్నవారు దాన్నీ మానవచ్చు.

రెండు రోజుల్లో ఒక్క గంట వంటకు ముందస్తుగా ఇవ్వగలిగితే, వచ్చే వారం సగం తేలికవుతుంది. ఉదయం నానబెట్టిన గింజలను, పప్పులను సాయంత్రం ఉడికించి, అవి పొయ్యి మీద ఉండగానే కూరగాయలు కడిగి తరిగి పెట్టుకోవాలి. వండిన పదార్థాన్ని రెండు గంటల లోపు, లోతు తక్కువ ఉన్న డబ్బాల్లో సర్ది ఫ్రిజ్‌లో పెట్టాలి. అన్నం విషయంలో ఈ జాగ్రత్త మరీ ముఖ్యం, ఎందుకంటే బయటే ఉండిపోయిన అన్నంలో పెరిగే ఒక రకం బ్యాక్టీరియా విడుదల చేసే విషం మళ్ళీ వేడిచేసినా పోదు. ఫ్రిజ్‌లో పెట్టినవి మూడు నాలుగు రోజుల్లో వాడేయాలి గనుక, ఆదివారం వండేటప్పుడు బుధవారం దాకా సరిపడా మాత్రమే వండుకోవాలి.

అనుకోని పని వచ్చి ప్రణాళిక మొత్తం తలకిందులైన రోజున ఇరవై నిమిషాలు మిగిలితే, మాట్లాడటానికి కాస్త కష్టమయ్యే వేగంతో పన్నెండు నిమిషాలు సూర్య నమస్కారాలు చేసి, మూడు నిమిషాలు వేగం తగ్గించి, ఐదు నిమిషాలు కదలకుండా పడుకోవాలి. ఆ ఇరవై నిమిషాలను భోజనానికి ముందే వాడుకోవాలి. తిన్న తర్వాతే తీరిక దొరికితే నడకతో సరిపెట్టుకోవాలి.