డ్రై క్లీనింగ్ షాపున్న స్ట్రిప్ మాల్ కొనేముందు: టెక్సాస్‌లో వీసీపీ (స్వచ్ఛంద శుద్ధి కార్యక్రమం) దరఖాస్తు విధానం

డాలస్, హ్యూస్టన్ వైపు నలుగురు కలిసి ఎల్ఎల్‌సీ (పరిమిత బాధ్యత కంపెనీ) పెట్టి స్ట్రిప్ మాల్ (వరుసగా ఉండే షాపుల సముదాయం) కొనాలనుకునే తెలుగువాళ్లు అద్దెల లెక్కకన్నా ముందు ఒకటి కనుక్కోవాలి. ఆ వరుసలో ఇప్పుడు గానీ, పాతికేళ్ల కిందట గానీ డ్రై క్లీనింగ్ షాపు ఉందా? అక్కడ వాడే పెర్క్ అనే ద్రావకం కాంక్రీటు ఫ్లోరును దాటి కూడా మట్టిలోకి ఇంకుతుంది. అక్కడ ఆవిరై, స్లాబు పగుళ్లలోంచి, డ్రెయిన్ పైపుల చుట్టూ ఉన్న సందుల్లోంచి పక్క షాపుల్లోకి చేరుతుంది. వాసన తెలియట్లేదు కదా అని ధీమాగా ఉండొద్దు. ముక్కుకు తెలిసేలోపే ఆరోగ్యానికి పెట్టిన పరిమితి ఎన్నో రెట్లు దాటిపోయి ఉండొచ్చు. కాలుష్యం పాత యజమాని చేసిందే అయినా, ఫెడరల్ చట్టం సెర్క్లా ప్రకారం శుద్ధి ఖర్చు కొత్త యజమాని మీదా పడుతుంది. రక్షణ దొరుకుతుంది గానీ, అదంతా ఏ కాగితం ఏ తేదీన పెట్టారన్న దాని మీదే నడుస్తుంది.

ఏ దరఖాస్తు, ఎప్పుడు

రాష్ట్ర పర్యావరణ సంస్థ టీసీఈక్యూ దగ్గర రెండు దారులున్నాయి. కాలుష్యం మీరు కొనే స్థలంలోనే పుట్టి ఉంటే వాలంటరీ క్లీనప్ ప్రోగ్రామ్, అంటే వీసీపీ. పక్క స్థలం నుంచి భూగర్భజలంతో పాటు వచ్చి ఉంటే ఇన్నోసెంట్ ఓనర్ ప్రోగ్రామ్. వీసీపీకి రిజిస్ట్రేషన్ కాకముందే దరఖాస్తు చేయాలి; ఇన్నోసెంట్ ఓనర్‌కు యజమాని అయ్యాకే చేయాలి. చాలామంది తారుమారు చేసేది ఇక్కడే. దరఖాస్తు నాటికి మీరు బాధ్యులు కాకపోతేనే, శుద్ధి తర్వాత టీసీఈక్యూ ఇచ్చే వీసీపీ సర్టిఫికెట్ మీకు బాధ్యత నుంచి విడుదల ఇస్తుంది. కొన్నాక వెళ్తే అప్పటికే మీరు యజమాని, కాబట్టి బాధ్యులు. శుద్ధి చేయించవచ్చు, విడుదల మాత్రం రాదు.

పేరు విషయమూ అంతే. కొనుగోలు ఒప్పందం ఒకరి సొంత పేరున రాసి, క్లోజింగ్ (కొనుగోలు పూర్తయ్యే) రోజు ఎల్ఎల్‌సీకి మార్చడం మనవాళ్లలో మామూలే. కానీ టైటిల్ (యాజమాన్య హక్కు) ఎవరి పేరున వస్తుందో ఆ ఎల్ఎల్‌సీయే దరఖాస్తుదారుగా ఉండాలి.

ఫేజ్ 1 రిపోర్టు

వీసీపీ సర్టిఫికెట్ రాష్ట్రం పట్ల మీకున్న బాధ్యత నుంచే విడిపిస్తుంది. ఫెడరల్ రక్షణ కావాలంటే కొనేముందు ఏఎస్‌టీఎం ఈ1527-21 అనే ప్రమాణం ప్రకారం ఫేజ్ 1 (స్థలం చరిత్ర, కాలుష్యం ఆనవాళ్ల పరిశీలన) విడిగా చేయించాలి. ఇంటర్వ్యూలు, లీన్ల (ఆస్తి మీదున్న బకాయి హక్కుల) వెతుకులాట, ప్రభుత్వ రికార్డులు, స్థలం తనిఖీ, నిపుణుడి ధ్రువీకరణ: ఈ అయిదూ టైటిల్ వచ్చే రోజుకు ముందు 180 రోజుల లోపువే అయి ఉండాలి. లెక్క రిపోర్టు మీది తేదీ నుంచి కాదు, ఈ అయిదింటిలో అన్నిటికన్నా ముందు జరిగినదాని నుంచి. బ్యాంకు లోను ఆలస్యమై క్లోజింగ్ వెనక్కి జరిగితే గడువు దాటినవాటిని మళ్లీ చేయించండి. అమ్మేవాళ్లు ఇచ్చిన పాత ఫేజ్ 1 మీద మాత్రం ఆధారపడొద్దు.

దరఖాస్తు

ఫారంతో పాటు 1,000 డాలర్ల ఫీజు, కాలుష్యాన్ని చూపే పర్యావరణ అంచనా నివేదిక జతచేయాలి. ఫేజ్ 1లో మట్టి, గాలి శాంపిళ్లు ఉండవు కాబట్టి ల్యాబు ఫలితాలున్న ఫేజ్ 2 కూడా పెట్టడం మంచిది. అసంపూర్తిగా ఉంటే 45 రోజుల్లోపు ఏమేం కావాలో జాబితా పంపుతారు. ఆ నోటీసు నుంచి 45 రోజుల్లో మళ్లీ పంపితే ఒకసారికి రెండో ఫీజు ఉండదు. తిరస్కరించినప్పుడు మళ్లీ పంపే ఉద్దేశం లేకపోతే సగం ఫీజు వెనక్కి ఇస్తారు. ఆ స్థలం మీద ఇప్పటికే టీసీఈక్యూ పర్మిట్ గానీ ఆర్డరు గానీ ఉంటే తిరస్కరించవచ్చు. ఆమోదం వచ్చాక టీసీఈక్యూతో శుద్ధి ఒప్పందం మీద సంతకాలు జరుగుతాయి. ఆపై టీసీఈక్యూ సిబ్బంది పర్యవేక్షణ ఖర్చు కూడా మీదే, కాబట్టి బడ్జెట్‌ను 1,000 డాలర్లతో ఆపకండి.

ఆవిరి పరీక్ష

డ్రై క్లీనర్ ఇంకా నడుస్తుంటే షాపు లోపలి గాలిని మాత్రమే పరీక్షించి ప్రయోజనం లేదు. యంత్రం నుంచి వచ్చిన పెర్క్ ఏదో, నేల కింద నుంచి వచ్చింది ఏదో తేలదు. స్లాబుకు రంధ్రం వేసి కిందిగాలి తీయాలి. లోపలిగాలి తీసేటప్పుడు వ్యాపార భవనంలో సాధారణంగా 8 గంటల శాంపిల్ తీస్తారు. అదే సమయంలో బయటిగాలి కూడా తీయాలి. స్లాబు కింది సాంద్రతను 0.03తో గుణించి లోపలికి ఎంత రావచ్చో ఫెడరల్ పర్యావరణ సంస్థ ఈపీఏ 2015 మార్గదర్శకం ప్రకారం అంచనా వేస్తారు. పరిమితి దాటితే మామూలు పరిష్కారం స్లాబు కింద పైపు దించి, ఫ్యానుతో గాలి లాగి, కప్పు పైనుంచి వదిలే వ్యవస్థ.

సర్టిఫికెట్ వచ్చాక

ఫ్యాను, సీల్ లాంటివి నిరంతరం నడవాల్సిన చోట షరతులతో కూడిన సర్టిఫికెట్ వస్తుంది. ఫ్యాను ఆగినా, నిర్వహణ రికార్డు లేకపోయినా షరతు తప్పినట్టే. ఫ్యాను కరెంటును అద్దెకున్నవాళ్ల మీటరుకు కలపకండి. షాపు ఖాళీ అయిన రోజే అది ఆగిపోతుంది. సర్టిఫికెట్‌లో రాసిన వినియోగాన్ని మార్చి, ఆరోగ్య ముప్పు పెరిగేలా చేస్తే, ఉదాహరణకు టైర్ల షాపును డేకేర్‌గా మారిస్తే, విడుదల పోవచ్చు. అద్దెకున్నవాళ్లు వేసే నష్టపరిహారం దావాలను ఈ సర్టిఫికెట్ ఆపదు. వాటికోసం కొనుగోలు ఒప్పందంలోనే అమ్మకందారు నుంచి ఇండెమ్నిటీ (నష్టం వస్తే తానే భరిస్తానన్న హామీ) రాయించుకోవాలి. ఆ ఇండెమ్నిటీ మీ ఇద్దరి మధ్యే చెల్లుతుంది, ప్రభుత్వం దగ్గర మీ బాధ్యతను తగ్గించదు.