కాన్పుకు ముందు, తర్వాత కటి కండరాల కసరత్తు

దగ్గినా, తుమ్మినా, గట్టిగా నవ్వినా నాలుగు చుక్కల మూత్రం జారిపోవడం పిల్లల తల్లులకు మామూలేనని మన ఇళ్లలో పెద్దలు చెబుతుంటారు. అది చాలామందికి వచ్చే ఇబ్బందే గాని, జీవితాంతం ఓర్చుకోవలసిన ఇబ్బంది కాదు. పొత్తికడుపు కింది ఎముక నుంచి వెన్నెముక చివరనున్న తోక ఎముక వరకు జోలెలా పరచుకొని, మూత్రాశయాన్నీ గర్భసంచినీ పెద్దపేగు చివరి భాగాన్నీ కింది నుంచి మోసే కండరాలను వైద్యులు పెల్విక్ ఫ్లోర్ అంటారు. ఇక్కడ వాటిని కటి కండరాలు అందాం. గర్భం పెరిగే కొద్దీ ఆ బరువంతా వాటి మీదే పడుతుంది, సహజ కాన్పులో అవి విపరీతంగా సాగుతాయి. సిజేరియన్ అయినవారికి వీటితో పని లేదనుకోవడం పొరపాటు, ఎందుకంటే తొమ్మిది నెలలూ బిడ్డను మోసినవి ఆ కండరాలే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లే కనుక, ఈ పొరపాటు మన దగ్గర ఎక్కువమందికి నష్టం చేస్తుంది.

ఏ వ్యాయామమైనా మొదలుపెట్టే ముందు, కాన్పు చేయబోయే వైద్యురాలి అనుమతి తీసుకోవాలి. మాయ గర్భసంచి ముఖద్వారానికి అడ్డుగా ఉన్నవారు, ముఖద్వారానికి కుట్టు వేయించుకున్నవారు, నెలలు నిండకముందే నొప్పులు వచ్చినవారు, బీపీ బాగా పెరిగినవారు ఆమె చెప్పిన పరిమితి దాటకూడదు. వ్యాయామం చేస్తుండగా రక్తం కనిపించినా, ఉమ్మనీరు కారినా, తల తిరిగినా, ఛాతీలో నొప్పి వచ్చినా, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టినా వెంటనే ఆపి ఆస్పత్రికి వెళ్లాలి.

ముందు ఆ కండరాలు ఎక్కడున్నాయో పట్టుకోవడం నేర్చుకోవాలి. చాలామంది తడబడేది ఇక్కడే. మోకాళ్లు మడిచి ఒక పక్కకు తిరిగి పడుకొని, నలుగురిలో ఉన్నప్పుడు గ్యాస్ బయటికి రాకుండా ఆపుకొన్నట్లు వెనుక ద్వారాన్ని బిగించి, ఆ బిగువును మూత్రం ఆపుకొన్నట్లు ముందుకు తెచ్చి, మొత్తాన్ని లోపలికి, పైకి లాగాలి. పిరుదులు గట్టిపడుతున్నా, తొడలు దగ్గరికి నొక్కుకుంటున్నా, ఊపిరి బిగపడుతున్నా మీరు వేరే కండరాలను వాడుతున్నారని అర్థం. ఊపిరి వదులుతూ పైకి లాగి, ఊపిరి పీలుస్తూ పూర్తిగా వదిలేస్తే ఈ తప్పు సగం దానంతటదే సర్దుకుంటుంది. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి సాధన చేయమని కొందరు చెబుతారు. అలా రోజూ చేస్తే మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాదు కనుక అది మంచి పద్ధతి కాదు.

కండరం దొరికాక మూడు నాలుగు సెకన్లు బిగించి, అంతే సేపు వదలాలి. వారాలు గడిచే కొద్దీ ఆ బిగువును పది సెకన్ల వరకు పెంచుకోవచ్చు. ఒక్కోసారికి కనీసం ఎనిమిది బిగింపుల చొప్పున రోజుకు మూడుసార్లు, కనీసం మూడు నెలలు విడవకుండా చేస్తేనే ఫలితం తెలుస్తుంది. నాలుగు రోజులు చేసి లాభం లేదని మానేసేవారే ఎక్కువ. ఈ వ్యాయామాన్ని 1948లో ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా వైద్యుడు ప్రచారంలోకి తెచ్చాడు కనుక నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. నిదానంగా పట్టి ఉంచే బిగింపులతో పాటు, టక్కున బిగించి టక్కున వదిలేవి కూడా చేయాలి. తుమ్ము వచ్చే క్షణంలో, బిడ్డను ఎత్తుకునే ముందు అక్కరకు వచ్చేవి అవే. అయితే వదలడం కూడా బిగించడమంత ముఖ్యం. మూత్రం రావడానికి కష్టమయ్యేవారు, కలయికలో నొప్పి ఉన్నవారు ఇప్పటికే బిగుసుకుపోయిన కండరాలను ఇంకా బిగించకుండా, ముందు ఫిజియోథెరపిస్టుకు చూపించుకోవాలి.

గర్భంతో ఉన్నప్పుడు వారానికి 150 నిమిషాల మోస్తరు శ్రమ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. నడుస్తూ మాట్లాడగలిగితే ఆ వేగం సరిపోయినట్లే. కటి ఎముకల దగ్గర నొప్పి ఉన్నవారు మంచం మీద పక్కకు తిరిగేటప్పుడు మోకాళ్లు రెండూ కలిపి తిప్పాలి, లోపలి బట్టలు కూర్చొని వేసుకోవాలి, మెట్లు ఒక్కొక్కటిగా ఎక్కాలి. ఏడో నెల దాటాక పక్కకు తిరిగి, మోకాళ్ల మధ్య దిండు పెట్టుకొని నిద్రపోవడం మేలు.

కాన్పయ్యాక మూత్రం గొట్టం తీసేసి, మూత్రం మామూలుగా వస్తుంటే, నొప్పి లేనంత మేరకు ఒకటి రెండు రోజుల్లోనే నెమ్మదిగా బిగింపులు మొదలుపెట్టవచ్చు. బాలింతను నెల రోజులు మంచం దిగనివ్వకపోవడం మన దగ్గర ప్రేమతో చేసే పనే గాని, కదలకుండా పడుకుంటే కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది; అందుకే పడుకున్నప్పుడు కూడా పాదాలను పైకీ కిందికీ ఆడిస్తూ, వైద్యులు చెప్పగానే లేచి నడవాలి. నీళ్లు తక్కువ ఇచ్చే పథ్యం అంతకన్నా చేటు, ఎందుకంటే దానివల్ల మలబద్ధకం వస్తుంది, ముక్కిన ప్రతిసారీ ఆ ఒత్తిడి కటి కండరాల మీదే పడుతుంది. కమోడ్ వాడేవారు పాదాల కింద చిన్న పీట వేసుకుంటే ముక్కవలసిన అవసరం తగ్గుతుంది. పొట్టకు గుడ్డ కట్టే ఆచారం గురించి కూడా ఇదే లెక్క: సిజేరియన్ తర్వాత కొన్నాళ్లు వదులుగా కట్టుకుంటే ఊతంగా ఉంటుంది గాని, పొట్ట తగ్గాలని బిగించి కడితే ఆ ఒత్తిడి కిందికే దిగుతుంది.

సిజేరియన్ అయినవారు తిన్నగా లేవకూడదు. పక్కకు ఒత్తిగిలి, కాళ్లు కిందికి దించి, చేతుల ఊతంతో లేవాలి. దగ్గు వస్తే కుట్ల మీద దిండు అదిమి పట్టుకోవాలి. ఆరు వారాలు బిడ్డ కన్నా ఎక్కువ బరువు ఎత్తకూడదు. నిండు నీళ్ల బకెట్టు, బియ్యం బస్తా ఇంట్లో వేరెవరైనా మోయాలి.

పొట్ట మధ్యలో నిలువుగా ఉండే కండరాలు ఎడంగా జరిగాయేమో ఇంట్లోనే చూసుకోవచ్చు. వెల్లకిలా పడుకొని మోకాళ్లు మడిచి, తల కొద్దిగా పైకెత్తి, బొడ్డుకు పైనా కిందా వేళ్లతో నొక్కి చూడండి. రెండు వేళ్ల కన్నా ఎక్కువ సందు ఉన్నా, తల ఎత్తినప్పుడు పొట్ట మధ్యలో గట్టులా లేచినా, సిట్-అప్స్ జోలికి పోకుండా ఫిజియోథెరపిస్టు సలహా తీసుకోండి. ఎక్కువమందికి ఈ సందు మొదటి రెండు నెలల్లో కొంత తగ్గుతుంది.

పరుగు, గెంతడం వంటివి కనీసం పన్నెండు వారాల తర్వాతే మొదలుపెట్టాలి. మూడు నెలలు సక్రమంగా సాధన చేసినా మూత్రం జారుతుంటే, కింద బరువుగా ఏదో జారుతున్నట్లు అనిపిస్తే, మలం ఆపుకోలేకపోతే, స్త్రీల ఆరోగ్యంలో శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపమని మీ వైద్యురాలిని అడగండి. ఆ ఫిజియోథెరపిస్టు మీ లోపలి కండరాలను వేలితో పరీక్షించవలసి రావచ్చు. అది మీ అనుమతితోనే జరగాలి, తోడుగా ఒకరిని ఉంచుకోవచ్చు, ఇష్టం లేకపోతే వద్దని చెప్పవచ్చు.