ఎత్తు మీద బండి వెనక్కి జారకుండా

ఆటోమేటిక్‌కి అలవాటు పడ్డాక మళ్లీ మాన్యువల్ బండి తీస్తే, జూబ్లీహిల్స్ ఎత్తుల్లో సిగ్నల్ పడగానే కాళ్లు తడబడతాయి. వెనకాల ఆటోవాలా అడుగు దూరంలో ఆగి హారన్ కొడుతుంటాడు మరి!

హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగి, బ్రేక్ మీంచి కాలు తీసెయ్యండి. ఫస్ట్ గేర్ వేసి, మీటర్లో ఆర్‌పీఎం 1500 దగ్గర ఉండేలా యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కుతూ క్లచ్ మెల్లగా వదలండి. ఇంజిన్ శబ్దం బరువెక్కి, బానెట్ కాస్త లేచినట్టు అనిపిస్తుంది. అక్కడ క్లచ్ కాలు కదపకుండా హ్యాండ్‌బ్రేక్ దించండి, బండి ముందుకే కదులుతుంది. డీజిల్ బండికైతే అంత యాక్సిలరేటర్ కూడా అక్కర్లేదు.

హ్యాండ్‌బ్రేక్ కేబుల్ వదులైన బండిలో ఇది పనిచెయ్యదు, ముందు మెకానిక్ దగ్గర బిగించుకోండి. గ్రీన్ పడేదాకా హాఫ్ క్లచ్‌లో, అంటే క్లచ్ సగం వదిలి, ఆపి ఉంచితే మాత్రం క్లచ్ ప్లేట్ కాలి వాసనొస్తుంది.