కష్టమైన ఇంగ్లీషు మాటలు గుర్తుండాలంటే

బ్యాంకు పరీక్షలకో జీఆర్‌ఈకో చదివే తిరుపతి పిల్లల చేతిలో జిరాక్స్ షాపులో స్పైరల్ బైండింగ్ చేయించిన లిస్టు ఒకటి ఉంటుంది. ఎడమవైపు ఇంగ్లీషు మాట, కుడివైపు ఒక్క తెలుగు ముక్క. రోజుకు యాభై చొప్పున ‘ఏ’ నుంచి బట్టీ మొదలవుతుంది. అబేట్, అబెట్, అబ్జూర్, అడ్జూర్ వరసగా వచ్చేసరికి ఒకదాని అర్థం ఇంకొకదానికి అంటుకుంటుంది. ముందు ఆ వరస చెడగొట్టండి. పోలిక ఉన్న మాటల్లో ఒకటి కుదురుకున్నాక, ఓ వారం ఆగి, రెండోది తీయండి. రోజుకు ఎనిమిది చాలు, పాతవి తిరగేయడానికే బోలెడు టైం కావాలి.

ఒక్కో మాటకు ఒక అట్టముక్క. ముందువైపు మాట కాకుండా, అది ఉండాల్సినచోట ఖాళీ వదిలిన వాక్యం రాయండి. వెనకవైపు మాట, తెలుగు అర్థం, దాని పక్కన తరచూ వచ్చే మాటలు, అది మెప్పో తిట్టో.

చివరిదాన్నే అందరూ వదిలేస్తారు, మార్కులు పోయేదీ అక్కడే. ఫ్రూగల్, పార్సిమోనియస్ రెండింటికీ లిస్టులో ‘పొదుపరి’ అనే ఉంటుంది. ఫ్రూగల్ మెచ్చుకోలు. పెళ్లిఖర్చు తగ్గించిన మేనమామను పార్సిమోనియస్ అని రాశారంటే ఆయన్ని పిసినారి అన్నట్టే. లర్నర్స్ డిక్షనరీల్లో ఇలాంటి మాటల పక్కన ‘డిసప్రూవింగ్’ అని గుర్తు ఉంటుంది, చూడండి. కేంబ్రిడ్జ్‌ది నెట్‌లో ఉచితమే.

బెనెవలెంట్ (మేలు కోరే), మలెవలెంట్ (కీడు కోరే) లాంటివాటికి ధాతువులు, అంటే మాట మూలంలోని ముక్కలు, బాగా పనికొస్తాయి. ఎనర్వేట్ దగ్గర మాత్రం వినికిడి పోలిక బోల్తా కొట్టిస్తుంది. ఎనర్జీలా వినిపిస్తుంది గనక ఉత్సాహం నింపడం అనుకుంటారు. నిజానికి ఒంట్లో సత్తువ లాగేయడం. కార్డు మీద ‘ది … హీట్ ఆఫ్ మే కెప్ట్ ఎవ్రీవన్ ఇండోర్స్’ అని రాసి, ఖాళీ ముందు ఈ, ఎన్ అని రెండక్షరాలు ఇవ్వండి. లేకుంటే స్కార్చింగ్ కూడా సరిపోతుంది. జవాబు ఎనర్వేటింగ్. రోహిణి కార్తెలో తిరుపతి ఎండ చూసినవాళ్లు దీన్ని మరిచిపోరు.

కార్డులకు నాలుగు కవర్లు పెట్టుకోండి. మొదటిది రోజూ, రెండోది మూడు రోజులకు, మూడోది వారానికి, నాలుగోది నెలకోసారి తీయాలి. చెప్పగలిగితే కార్డు తర్వాతి కవరులోకి, తప్పితే ఏ కవరులో ఉన్నా మళ్లీ మొదటిదాంట్లోకి. జర్మన్ సైన్స్ పాత్రికేయుడు సెబాస్టియన్ లైట్నర్ 1972లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. ఆండ్రాయిడ్ ఫోన్లో ఉచితంగా దొరికే అంకి యాప్ ఈ తేదీల లెక్క తనే చూసుకుంటుంది. అయినా మొదటి నెల చేత్తో రాయడమే మేలు, స్పెల్లింగ్ కూడా వస్తుంది.

కార్డు తిప్పాక ‘ఆ, ఇది తెలిసిందే’ అనిపిస్తుంది. ఆ తెలియడం లెక్కలోకి రాదు. తిప్పకముందే జవాబు పైకి అనాలి. చిత్తూరు బస్సులో సిగ్గయితే అరచేతిలో వేలితో రాసుకున్నా చాలు. ఒకే కార్డు నాలుగుసార్లు మొదటి కవరుకే తిరిగొస్తోందంటే వాక్యం పేలవంగా ఉందన్నమాట. దాన్ని చింపేసి, మీ వీధి సంగతో మీ ఇంటి గొడవో పెట్టి ఇంకోటి రాసుకోండి.