స్టాక్ రోల్‌బ్యాక్ కంప్లీట్‌లో ఇరుక్కుందా? డిలీట్ కొట్టేముందు ఇది చూడండి

సమస్య: ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) క్లౌడ్‌ఫార్మేషన్‌లో సర్వర్లు, డేటాబేస్‌ల లాంటివి ఏమేం కావాలో రాసే ఫైల్‌ని టెంప్లేట్ అంటారు, దానితో కలిపి తయారయ్యే గుంపే స్టాక్. అలాంటి టెంప్లేట్‌తో కమాండ్ లైన్ నుంచి కొత్త స్టాక్ పెట్టారు, మధ్యలో ఫెయిలై స్టేటస్ రోల్‌బ్యాక్ కంప్లీట్‌లో ఆగింది. టెంప్లేట్ సరిచేసి మళ్లీ డిప్లాయ్ కొట్టినా, ఈ స్టాక్‌ని అప్‌డేట్ చేయడం కుదరదనే ఎర్రరే వస్తోంది.

కారణం: మొదటిసారి తయారవుతూనే పడిపోయిన స్టాక్ అది. వెనక్కి వెళ్లడానికి పాత మంచి స్థితి ఏదీ లేదు, పేరు మాత్రం మిగిలింది. డిలీట్ చేసి మళ్లీ పెట్టడమే దారి. అప్‌డేట్ రోల్‌బ్యాక్ కంప్లీట్ అని ఉంటే మాత్రం అది పూర్తిగా వేరే సంగతి, దయచేసి దాన్ని డిలీట్ చేయకండి! ఆ స్టాక్ బాగానే నడుస్తోంది, మళ్లీ అప్‌డేట్ చేసుకోవచ్చు, తొందరపడి తీసేస్తే లోపలున్న డేటాబేస్ కూడా పోవచ్చు.

పరిష్కారం: ముందు డిస్క్రైబ్-స్టాక్-ఈవెంట్స్ కమాండ్ కొట్టండి. కొత్త ఈవెంట్లు పైన, పాతవి కింద వస్తాయి కాబట్టి చాలామంది పైన కనిపించే "రిసోర్స్ క్రియేషన్ క్యాన్సిల్డ్" చూసి టెన్షన్ పడతారు, కానీ అవి ఇంకేదో పడిపోయినందుకు ఆగిపోయినవే. కిందికి వెళ్లి, టైమ్ ప్రకారం అన్నిటికంటే ముందు వచ్చిన క్రియేట్ ఫెయిల్డ్ పట్టుకోండి, అసలు కారణం అక్కడే రాసి ఉంటుంది. స్టాక్ ఐడీ కూడా రాసి పెట్టుకోండి, ఎందుకంటే డిలీట్ అయ్యాక పేరుతో వెతికితే ఈవెంట్లు దొరకవు, ఐడీతోనే 90 రోజుల వరకు దొరుకుతాయి.

అక్కడ "ఇమేజ్ ఐడీ లేదు" అని ఉంటే, ముంబై రీజియన్‌కి (ఏడబ్ల్యూఎస్ డేటా సెంటర్లున్న ప్రాంతం) రాసిన టెంప్లేట్‌ని హైదరాబాద్‌లో నడుపుతున్నారేమో చూడండి. ఒకే అమెజాన్ లినక్స్ అయినా ఏఎంఐ ఐడీ (సర్వర్ ఇమేజ్ ఐడీ) ఒక్కో రీజియన్‌కి ఒక్కోటి. దాన్ని టెంప్లేట్‌లో నేరుగా రాయడం మానేసి, ఏడబ్ల్యూఎస్ వాళ్లే ఈ ఐడీలు ఉంచే ఎస్ఎస్ఎం పబ్లిక్ పారామీటర్ నుంచి తీసుకునేలా పెట్టండి, ఏ రీజియన్‌లో నడిపితే దానికి తగ్గ ఐడీ వస్తుంది. హైదరాబాద్‌తో ఇంకో చిక్కు కూడా ఉంది: 2022 నవంబరులో వచ్చిన ఈ రీజియన్‌ని అకౌంట్ సెట్టింగ్స్‌లో మనమే ఆన్ చేయాలి. చేయకపోతే సెక్యూరిటీ టోకెన్ చెల్లదని వస్తుంది, అది చూసి యాక్సెస్ కీలు మార్చుకుంటూ కూర్చోకండి, కీల తప్పేం లేదు.

ఎస్3 బకెట్ (ఫైళ్లు దాచుకునే చోటు) పేరు ఇప్పటికే ఉందంటే, ఆ పేరు ప్రపంచంలో ఇంకెవరి అకౌంట్‌లోనో ఉండొచ్చు. పేరు చివర అకౌంట్ నంబర్, రీజియన్ కలపండి, లేదా పేరు ఇవ్వకుండా వదిలేయండి, క్లౌడ్‌ఫార్మేషనే ఒక పేరు పెట్టుకుంటుంది. ఇక ఈవెంట్లే లేకుండా కేపబిలిటీస్ ఎర్రర్ వస్తే, సాధారణంగా టెంప్లేట్‌లో ఐఏఎం రోల్ (అనుమతులిచ్చేది) లాంటిది ఉందన్నమాట, కమాండ్‌కి కేపబిలిటీస్ ఆప్షన్ జోడిస్తే చాలు.

డిలీటే ఫెయిలైతే మొదట బకెట్‌ని అనుమానించండి, లోపల ఒక్క ఫైల్ ఉన్నా అది పోదు. వెర్షనింగ్ (ఫైళ్ల పాత కాపీలు ఉంచే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే పైకి ఖాళీగా కనిపించినా పాత వెర్షన్లు, డిలీట్ మార్కర్లు (ఫైల్ తీసేశారని చెప్పే గుర్తులు) ఉండిపోతాయి, అవి కూడా తీసేశాకే డిలీట్-స్టాక్ మళ్లీ కొట్టండి.