రంగు వేశాక మొరాయించే సెల్ఫ్: పాత జీపులో ఎర్త్ సమస్య - పరిష్కారం

బాడీని ఛాసిస్ మీది నుంచి దించి, తుప్పంతా గీకి, ప్రైమరు కొట్టి, రెండు మూడు పూతల రంగు వేసి, ఇంజన్ విప్పి బిగించి, నెలల తరబడి ఇంటి దగ్గరే శ్రమపడి తిరిగి నిలబెట్టిన పాత జీపులో తరచుగా ఎదురయ్యే తొలి సమస్య ఇంజనుది కాదు, కరెంటుది. తాళం తిప్పగానే సెల్ఫ్ ఒకటి రెండు చుట్లు బరువుగా మూలిగి ఆగిపోతుంది, లేదా టక్కుమని ఊరుకుంటుంది. హెడ్‌లైట్లు వెలుగుతాయి గాని పసుపు పచ్చగా, నీరసంగా వెలుగుతాయి. ఇండికేటర్ వేస్తే దాని పక్కనున్న వెనక దీపం కూడా దానితో పాటే మినుకుమంటుంది. లైట్లు వేసిన మరుక్షణం టెంపరేచర్ మీటరు ముల్లు ఉన్నచోటి నుంచి జరుగుతుంది. బండి విప్పకముందు ఇవేవీ లేవు. ఈ దశలో చాలామంది ముందు సెల్ఫ్ మోటారును మారుస్తారు, తర్వాత బ్యాటరీని మారుస్తారు, ఆ పైన వైరింగు మొత్తాన్ని పీకి కొత్తది వేస్తారు. మూడింటికీ డబ్బు పోతుంది, సమస్య మాత్రం కదలదు.

బ్యాటరీ: రెండు నిమిషాల పని

పూర్తిగా చార్జయి కొన్ని గంటలు కదలకుండా ఉన్న 12 వోల్టుల బ్యాటరీ పోస్టుల (తీగలు బిగించే రెండు సీసపు మొనల) మధ్య సుమారు 12.6 వోల్టులు, 6 వోల్టుల బ్యాటరీలో సుమారు 6.3 వోల్టులు ఉండాలి. అంతకంటే బాగా తక్కువగా ఉంటే ముందు చార్జి పెట్టాలి; సగం చార్జిలో ఉన్న బ్యాటరీతో చేసే ఏ పరీక్షా నమ్మదగినది కాదు. తర్వాత ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమని చెప్పి, ఆ సమయంలోనే పోస్టుల మీద వోల్టేజి చూడాలి. 12 వోల్టుల బండిలో అది 9.6 కంటే, 6 వోల్టుల బండిలో 4.8 కంటే దిగువకు పడిపోతే బ్యాటరీ బలహీనంగా ఉందని గాని, సెల్ఫ్ మితిమీరి కరెంటు లాగుతోందని గాని అర్థం. మంచి స్థితిలో ఉందని తెలిసిన మరో బ్యాటరీ పెట్టి చూస్తే ఆ రెండింటిలో ఏది నిజమో తేలిపోతుంది.

మీటరు ప్రోబులను సీసపు పోస్టు మీదే ఆనించాలి, క్లాంపు మీద కాదు. క్లాంపును చేత్తో పట్టుకుని తిప్పి చూడాలి. వేళ్ల బలానికి ఏ మాత్రం కదిలినా దానిని విప్పి, లోపలి ముఖాన్నీ పోస్టునూ లోహం మెరిసేదాకా శుభ్రం చేసి బిగించాలి. ఇంత తేలికైన పనిని వదిలేసి నేరుగా జీపు కిందికి దూరి సెల్ఫ్ విప్పేవారిని చూసి చూసి విసుగు పుట్టింది కాబట్టి దీనిని ఇంత గట్టిగా చెబుతున్నాను.

బ్యాటరీ బాగుండి, పోస్టుల మీద వోల్టేజి నిలబడి, అయినా సెల్ఫ్ ఈడ్చుకుంటూ తిరుగుతుంటే, ఆ బండికి ఇటీవలే రంగు వేసి ఉంటే, కారణం ఆ రంగులోనే ఉండే అవకాశం చాలా ఎక్కువ.

రంగు కింద తెగిపోయిన దారి

ఈ తరం బళ్లలో బ్యాటరీ నుంచి ప్రతి పరికరానికీ వెళ్లే తీగ ఒకటే. తిరుగు ప్రయాణమంతా ఇంజన్, ఛాసిస్, బాడీ అనే ఇనుప దారిలోనే జరుగుతుంది; ఎర్త్ అంటే ఈ దారే. అయితే ఇంజన్ కూర్చున్నది రబ్బరు మౌంటింగుల మీద, బాడీ కూర్చున్నది రబ్బరు దిండ్ల మీద. అంటే కరెంటు లెక్కలో ఈ మూడూ మూడు వేర్వేరు దీవులు. వాటిని కలిపేవి రెండు మూడు అల్లిక పట్టీలు, కొన్ని బోల్టులు మాత్రమే. విప్పకముందు ఆ బోల్టులు దశాబ్దాల తరబడి రాసుకుని, రంగు పోయి, లోహం లోహాన్ని తాకుతూ ఉండేవి. ఎంత తుప్పుపట్టినట్టు కనిపించినా కరెంటుకు దారి ఉండేది. ఇప్పుడు ఛాసిస్‌కు పౌడర్ కోటింగు వేయించాం, ఇంజన్ బ్లాకుకు వేడిని తట్టుకునే రంగు వేశాం, బాడీలోని ప్రతి రంధ్రం అంచుకూ ప్రైమరు పట్టించాం. రంగు కరెంటును ఆపుతుంది. పని ఎంత శ్రద్ధగా, ఎంత నిండుగా చేస్తే ఈ సమస్య అంత ఖాయంగా వస్తుంది.

దీనిలోని మాయ ఏమిటంటే, దారి పూర్తిగా తెగిపోదు. బోల్టు మరల దగ్గర ఎక్కడో రంగు చిట్లి, సూది మొనంత లోహం తగులుతూ ఉంటుంది. పరీక్ష దీపం పెడితే వెలుగుతుంది, మల్టీమీటరును కంటిన్యుటీలో పెడితే బీప్‌మంటుంది, దాంతో ఎర్త్ బాగుందని నమ్మి మనిషి వేరే వైపు వెతకడం మొదలుపెడతాడు. లెక్క వేసి చూస్తే మోసం బయటపడుతుంది. ఆ తగిలీ తగలని చోట 0.01 ఓమ్ నిరోధం ఉందనుకుందాం. 5 ఆంపియర్ల దీపం వెలిగినప్పుడు అక్కడ పోయేది 0.05 వోల్టు, అది ఎవరి కంటికీ ఆనదు. అదే చోటి నుంచి సెల్ఫ్ 200 ఆంపియర్లు లాగితే అక్కడే 2 వోల్టులు పోతాయి. కంటిన్యుటీ పరీక్షలో మీటరు పంపే కరెంటు అత్యల్పం. ఎర్త్ పట్టీలో ఒక్క పోగు మిగిలి ఉన్నా అది బీప్‌మనే తీరుతుంది. అందుచేత సెల్ఫ్ విషయంలో ఆ శబ్దాన్ని సాక్ష్యంగా తీసుకోకూడదు.

ఇనుప దారి మూసుకుపోయినప్పుడు కరెంటు దొరికిన దారి పట్టుకుంటుంది. ఇంజనునూ బాడీనీ కలిపే చోక్ కేబులు, ఆక్సిలరేటర్ కేబులు దానికి అందుబాటులో ఉంటాయి. సెల్ఫ్ కొట్టిన వెంటనే డాష్‌బోర్డు దగ్గర చోక్ కేబులును వేళ్లతో పట్టుకుని చూడండి. అది వెచ్చగా తగిలినా, దాని పైతొడుగు ఒకచోట ముడుచుకుపోయి గోధుమరంగుకు తిరిగినా, కార్బురేటర్ వైపు కొసలో చుట్లుగా ఉన్న ఉక్కుతీగ కమిలి నీలంగా కనిపించినా, సెల్ఫ్ కరెంటు దాని గుండానే పోతోందని తెలుసుకోవాలి. అప్పుడు ఇంకొక్కసారి కూడా సెల్ఫ్ కొట్టకూడదు; ఆ కేబులు పెట్రోలు ఉండే కార్బురేటర్ పక్కనే ఎర్రగా కాలుతుంది.

కొలిచి పట్టుకోవడం

బండిని న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు వేసి, స్టార్టు కాకుండా ఇగ్నిషన్ కాయిల్‌కు వచ్చే సన్నతీగను ఊడదీయాలి. మీటరును డీసీ వోల్టులలో పెట్టి, ఒక ప్రోబును బ్యాటరీ ఎర్త్ పోస్టు మీద, రెండోదాన్ని సెల్ఫ్ మోటారు ఒంటి మీద రంగు లేని చోట ఆనించి, మూడు నాలుగు సెకన్లు సెల్ఫ్ కొట్టించాలి. అంకె ముందు మైనస్ గుర్తు వస్తే పట్టించుకోనక్కర్లేదు. 12 వోల్టుల బండిలో 0.2 వోల్టు లోపు వస్తే ఎర్త్ దారి బాగున్నట్టు. 0.5 దాటితే సమస్య అక్కడే ఉన్నట్టు. 6 వోల్టుల బండిలో ఇందులో సగాన్నే హద్దుగా పెట్టుకోవాలి.

తర్వాత రెండో ప్రోబును వరుసగా వెనక్కి జరుపుకుంటూ రావాలి: సెల్ఫ్ ఒంటి నుంచి బెల్ హౌసింగుకు (ఇంజన్ వెనక క్లచ్‌ను కప్పే పెట్టెకు), అక్కడి నుంచి ఇంజన్ బ్లాకుకు, ఛాసిస్‌కు, పట్టీ చివరనున్న లగ్గుకు (బోల్టు దూరే లోహపు కొసకు), ఆఖరికి బ్యాటరీ క్లాంపుకు. ఏ రెండు చోట్ల మధ్య అంకె ఒక్కసారిగా పడిపోతుందో ఆ రెంటి మధ్యనే రంగు అడ్డం పడి ఉంది. బాడీని పరీక్షించేటప్పుడు సెల్ఫ్‌కు బదులు హెడ్‌లైట్లన్నీ వేసి, ఎర్త్ పోస్టుకూ దీపం ఒంటికీ మధ్య చూడాలి. ఇదే పరీక్షను ఎర్త్ కాని పోస్టుకూ సెల్ఫ్ మీది లావు బోల్టుకూ మధ్య కూడా చేస్తే కేబులు, సోలెనాయిడ్ (సెల్ఫ్‌కు కరెంటును కలిపే స్విచ్చు) సంగతి తెలుస్తుంది, అక్కడ 0.5 వోల్టు వరకు సహించవచ్చు.

సరిచేయడం

బ్యాటరీ ఎర్త్ క్లాంపును ముందు ఊడదీసి, పని పూర్తయ్యాక చివర బిగించాలి. రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ జీపులో ఎర్త్ అయ్యేది నెగటివ్. 1948లో వచ్చిన తొలి ల్యాండ్ రోవర్ల నుంచి 1960ల ద్వితీయార్ధం దాకా వచ్చిన వాటిలో పాజిటివ్. ఈ తేడా మరచి బ్యాటరీని తలకిందులుగా కలిపితే అది ఇంకో పెద్ద తలనొప్పి.

లగ్గు కూర్చునే చోట, లగ్గు వెడల్పు మేరకు మాత్రమే, రంగును గీకి ఎమరీ కాగితంతో లోహం తెల్లగా మెరిసేదాకా రుద్దాలి. బోల్టు మరలు కరెంటు మోస్తాయని నమ్ముకోకూడదు, ముఖానికి ముఖం తగలాలి. లగ్గును నేరుగా లోహం మీద ఆనించి, బోల్టు తల కింద పళ్ల వాషరు వేసి గట్టిగా బిగించి, ఆ తర్వాత పైన పెట్రోలియం జెల్లీ పూయాలి. తుప్పు భయం ఉంటే బిగించిన తర్వాతే దాని మీద రంగు వేసుకోవచ్చు. పాత పట్టీని తిరిగి వాడేటట్టయితే లగ్గు దగ్గర పోగులను విడదీసి చూడాలి. ఆకుపచ్చ చిలుము కనిపిస్తే పారేయడమే మేలు. ల్యాండ్ రోవర్ బాడీ ప్యానెళ్లు అల్యూమినియంవి. గీకిన అల్యూమినియం మీద గాలి తగలగానే మళ్లీ పొర కడుతుంది కాబట్టి అక్కడ గీకిన వెంటనే జెల్లీ రాసి, తగరపు పూత ఉన్న లగ్గును బిగించాలి.

పట్టీలు ఎక్కడెక్కడ వేయాలన్న విషయంలో నేను రాజీపడను. బ్యాటరీ ఎర్త్ కేబులు ఛాసిస్‌కు కాక నేరుగా సెల్ఫ్‌ను పట్టి ఉంచే బోల్టుకు గాని, దాని పక్కన బెల్ హౌసింగు బోల్టుకు గాని రావాలి. అక్కడి నుంచి ఛాసిస్‌కు ఒక పట్టీ, ఛాసిస్ నుంచి బాడీకి ఒకటి, బాడీ నుంచి డాష్‌బోర్డు మీటర్లకు ఒక తీగ వేయాలి. సెల్ఫ్ మోటారు తన ఎర్త్‌ను తీసుకునేది బెల్ హౌసింగుకు ఆనే అంచు నుంచే కనుక, అందంగా రంగు వేసిన ఆ అంచును కూడా గీకక తప్పదు. దీపాలకు హోల్డరు దగ్గర నుంచి ఛాసిస్‌కు విడిగా తీగ లాగితే ఇండికేటర్‌తో వెనక దీపం మినుకుమనడం ఆగిపోతుంది.

6 వోల్టుల బండికి ఇంకో మాట. అదే శక్తికి కరెంటు రెట్టింపు కావాలి కనుక ఆధునిక 12 వోల్టుల కారుకు అమ్మే సన్నని రెడీమేడ్ కేబులు దీనికి చాలదు. 50 చదరపు మిల్లీమీటర్లకు తగ్గని రాగి కేబులు వేస్తే, 6 వోల్టుల సెల్ఫ్ బలహీనమైనదన్న మాట చాలా బళ్లలో అబద్ధమని తేలుతుంది.

డైనమో రెగ్యులేటరు పెట్టెకు కూడా ఎర్త్ కావాలి. రంగు మీద బిగించిన రెగ్యులేటరులోని కాయిల్‌కు అసలు వోల్టేజి పూర్తిగా అందదు కాబట్టి అది చార్జింగును అదుపు చేయలేక బ్యాటరీని ఉడికిస్తుంది. బ్యాటరీలో నీళ్లు తొందరగా తగ్గుతుంటే అక్కడ చూడాలి. పెట్రోలు మీటరు ఎప్పుడూ ఒకే చోట ఆగి ఉంటే, కొత్తగా రంగు వేసి రబ్బరు పట్టీల మీద కూర్చోబెట్టిన ట్యాంకు నుంచి ఛాసిస్‌కు ఒక తీగ వేసి చూడాలి.

అరుదైనవి

కొత్తగా కట్టిన ఇంజన్ బిగువుగా ఉంటే హ్యాండిల్‌తో తిప్పి చూస్తే తెలుస్తుంది. ఇంజన్ వేడెక్కినప్పుడు మాత్రమే సెల్ఫ్ ఎదురు తన్నుతుంటే ఇగ్నిషన్ టైమింగు (స్పార్కు పడే సమయం) ముందుకు జరిగి ఉంటుంది. సోలెనాయిడ్ లోపలి కాంటాక్టులు కాలడం పైన సెల్ఫ్ మీది లావు బోల్టు దగ్గర చేసిన కొలతలోనే బయటపడుతుంది. ఇవన్నీ సరిగ్గా ఉండి, ఎర్త్ దారిలో 0.2 వోల్టు లోపే పోతూ, అయినా మంచి బ్యాటరీ 9.6 కిందికి పడిపోతుంటేనే సెల్ఫ్ మోటారును దించాలి. అప్పుడు కూడా మొత్తం మోటారు కొనేముందు బుష్‌లు చూడాలి. అవి అరిగితే వాటిలో తిరిగే ఆర్మేచరు వాలి, చుట్టూ ఉన్న పోల్ ముక్కలను రాసుకుంటుంది, ఆ గీతలు ఆర్మేచరు మీద మెరుస్తూ కనిపిస్తాయి. గీతలు పైపైనే ఉంటే బుష్‌లు మార్చితే సరిపోతుంది.